పర్యాటకం ఒకటే, నిపుణుల మాటలు వేరెందుకు?

పర్యాటక పరిశోధన సదస్సుకు మొదటిసారి వెళ్లిన విద్యార్థికి ఒక చిక్కు ఎదురవుతుంది. ప్రపంచంలో వెలువడే కర్బన ఉద్గారాల్లో పర్యాటకం వాటా దాదాపు 5 శాతమని ఉదయం ఒక నిపుణుడు చెబుతారు. మధ్యాహ్నం వేదిక ఎక్కిన మరో నిపుణురాలు ఆ వాటా 8 శాతమంటారు. ఇద్దరికీ ఈ రంగంలో మంచి పేరుంది. ఇద్దరి స్లైడ్ల మీదా ఆధారాలు స్పష్టంగానే ఉన్నాయి. మరి వీరిలో ఎవరో ఒకరు పొరబడ్డారనుకోవాలా? అలా అనుకుంటూ పోతే సదస్సు ముగిసేలోపు వక్తల్లో సగం మందిని నమ్మడం మానేయాల్సి వస్తుంది.

నిజానికి ఇద్దరూ సరిగానే చెప్పారు. 5 శాతం లెక్క 2005 సంవత్సరానిది. ఐక్యరాజ్యసమితికి చెందిన పర్యాటక, పర్యావరణ సంస్థలు 2008లో వెలువరించిన నివేదికలో అది ఉంది. ప్రయాణం, బస, వెళ్లిన చోట చేసే వినోద కార్యకలాపాలు, ఈ మూడింటి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే అందులో లెక్కించారు. 8 శాతం లెక్క సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన మన్‌ఫ్రెడ్ లెన్‌జెన్ బృందానిది. 2018లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చింది. వారు 160 దేశాల సరఫరా వ్యవస్థలను వెనక్కి తవ్వుకుంటూ వెళ్లారు. పర్యాటకుడు తిన్న ఆహారాన్ని పండించడానికి, కొన్న వస్తువును తయారు చేయడానికి, దిగిన హోటల్‌ను కట్టడానికి అయిన ఉద్గారాలను కూడా పర్యాటకం ఖాతాలోనే రాశారు. కార్బన్ డయాక్సైడ్‌తో పాటు ఇతర గ్రీన్‌హౌస్ వాయువులను కూడా కలిపారు. ఆ లెక్కన పర్యాటక ఉద్గారాలు 2009లో 390 కోట్ల టన్నులు ఉంటే 2013 నాటికి 450 కోట్ల టన్నులకు చేరాయి. 2024 చివర్లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన 2019 నాటి వాటా 8.8 శాతమని, పరిమాణం 520 కోట్ల టన్నులని తేల్చింది.

పర్యాటకుడు హోటల్లో తిన్న భోజనాన్ని వండడానికి కాలిన గ్యాస్ ఇద్దరి లెక్కలోనూ ఉంది. ఆ భోజనంలోని బియ్యం పండిన పొలం నుంచి వెలువడిన మీథేన్ రెండోవారి లెక్కలోనే ఉంది. హద్దు ఎక్కడ గీశారన్నదే తేడా. పర్యాటక సదస్సుల్లో కనిపించే విభేదాల్లో ఎక్కువ భాగం ఈ రకానివేనని నా అభిప్రాయం. వక్తల మధ్య తగవు సాధారణంగా వాస్తవాల గురించి కాదు. దేన్ని లెక్కలోకి తీసుకోవాలి, ఎక్కడ ఆపాలి, ఎవరి తరఫున లెక్క కట్టాలి అన్న దగ్గరే వారు విడిపోతారు. ఈ మూడూ వక్తలు ఎప్పుడూ విడమరిచి చెప్పరు. శ్రోతే పట్టుకోవాలి. అందుకే ఈ ప్రసంగాలు ఎలా తయారవుతాయో, ఎవరు చేస్తారో, వాటి వెనుక ఏముంటుందో కొంచెం వివరంగా చూడడం అవసరం.

ఎవరీ నిపుణులు?

భౌతికశాస్త్ర సదస్సులో వక్తలంతా భౌతికశాస్త్రం చదువుకున్నవారే. పర్యాటక సదస్సు అలా ఉండదు. ఒకరు ఆర్థికవేత్త, ఒకరు భూగోళ శాస్త్రవేత్త, ఒకరు మానవశాస్త్రవేత్త, ఒకరు మార్కెటింగ్ బోధించేవారు, మరొకరు వాతావరణ మార్పు మీద పనిచేసేవారు. పర్యాటకం మీద వ్యవస్థీకృతమైన పరిశోధన మొదలుపెట్టిన వారిలో స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ హున్‌జికర్, కర్ట్ క్రాప్ఫ్ ముఖ్యులు. వారు 1942లో ఇచ్చిన నిర్వచనం చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది. 1951లో పర్యాటక పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. తొలి దశాబ్దాల్లో ఆర్థిక దృష్టిదే పైచేయి. 1970లలో సామాజిక శాస్త్రవేత్తలు, మానవశాస్త్రవేత్తలు అడుగుపెట్టాక స్వరం మారింది. 1973లో జాఫర్ జాఫరి ప్రారంభించిన యానల్స్ ఆఫ్ టూరిజం రీసెర్చ్ పత్రిక వీరందరికీ ఒక వేదికైంది.

ఇంతకూ ఇది ప్రత్యేక శాస్త్రమా, కాదా? ఆ ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. పర్యాటకానికి సొంత శాస్త్రం ఉండాలని నీల్ లైపర్ 1981లో వాదించారు. అలాంటిది లేదని, పర్యాటక వ్యాపారం ఒక క్షేత్రమైతే వ్యాపారానికి అవతలి పర్యాటకం మరో క్షేత్రమని, ఈ రెండింటిలోకీ అనేక శాస్త్రాలు వచ్చి పనిచేస్తున్నాయని జాన్ ట్రైబ్ 1997లో రాశారు. నాకు ట్రైబ్ మాటే సరైనదనిపిస్తుంది. ఒకే సదస్సులో పక్కపక్క గదుల్లో కూర్చున్న ఇద్దరికి పరస్పరం అర్థం కాకపోవడానికి కారణం అందులో దొరుకుతుంది.

దీన్ని ఒక ఉదాహరణతో దగ్గర నుంచి చూద్దాం. ఓడరేవున్న ఒక చిన్న పాత పట్టణాన్ని ఊహించండి. ఉదయం ఒక పెద్ద విహార నౌక వచ్చి ఆగుతుంది. మూడు వేల మంది దిగుతారు. సన్నని వీధులు నిండిపోతాయి. వారంతా సాయంత్రానికి నౌకలోకి వెళ్లిపోయి అక్కడే నిద్రపోతారు. ఐక్యరాజ్యసమితి గణాంక నియమాల ప్రకారం, తన రోజువారీ పరిసరాలు దాటి ఏడాదికి మించకుండా ఏదైనా పని మీద వెళ్లినవారు సందర్శకులు. వెళ్లింది అక్కడి సంస్థలో ఉద్యోగం చేయడానికి మాత్రం కాకూడదు. సందర్శకుల్లో కనీసం ఒక రాత్రి అక్కడ బస చేసినవారే పర్యాటకులు. బస చేయనివారు ఒక రోజు సందర్శకులు. ఈ లెక్కన ఆ మూడు వేల మందిలో ఒక్కరూ పర్యాటకులు కారు. మూడు రాత్రుల సదస్సు కోసం ఆ పట్టణానికి వచ్చిన ప్రొఫెసర్ మాత్రం పర్యాటకుడే.

ఇప్పుడు ఆ పట్టణం గురించి నలుగురు మాట్లాడతారు. పర్యాటకుల సంఖ్య మూడేళ్లుగా పెరగలేదని గణాంక నిపుణుడు అంటారు. అది నిజం. హోటళ్లలో దిగిన వారి సంఖ్య పెరగలేదు. ఊరు కిక్కిరిసిపోయిందని, పాత కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోతున్నాయని సామాజిక శాస్త్రవేత్త అంటారు. అదీ నిజమే. నౌకల్లో వచ్చినవారు ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు రెండు వీధుల్లోనే తిరుగుతారని, మిగతా ఊరు ఖాళీగానే ఉంటుందని భూగోళ శాస్త్రవేత్త పటం వేసి చూపిస్తారు. తిండి, బస నౌకలోనే కాబట్టి వారు ఊళ్లో పెట్టే ఖర్చు తక్కువని ఆర్థికవేత్త చెబుతారు. విడివిడిగా వింటే పొసగనట్టున్న ఈ నాలుగు మాటలూ కలిపి చూస్తే ఒకే పట్టణానికి చెందినవి.

అంతర్జాతీయ రాకల సంఖ్య విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 1950లో రెండున్నర కోట్లుగా ఉన్న రాకలు 2019లో దాదాపు 146 కోట్లకు చేరాయని ప్రారంభ సమావేశాల్లో తరచూ వినిపిస్తుంది. ఈ అంకెలు రాకలవి, మనుషులవి కావు. ఏడాదిలో నాలుగుసార్లు దేశం దాటిన వ్యక్తి నాలుగుసార్లు లెక్కలోకి వస్తాడు. ప్రపంచ జనాభాలో ఇంత వంతు విదేశాలకు వెళ్తోందని ఈ అంకె ఆధారంగా ఎవరైనా అంటే నమ్మకండి. తరచూ ప్రయాణించే కొద్దిమందే ఆ రాకల్లో చాలా వాటికి కారణం. పైగా సొంత దేశంలో తిరిగే పర్యాటకులు ఇందులో లేనే లేరు, వారి ప్రయాణాలు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువైనా సరే.

ఒకే శాస్త్రానికి చెందినవారు కూడా తగవు పడుతుంటారు. పర్యాటకుడు ఖర్చు చేసిన డబ్బు చేతులు మారుతూ ఎంత ఆదాయం పుట్టిస్తుందో లెక్కించడానికి ఆర్థికవేత్తలు మొదట్లో రంగాల మధ్య కొనుగోళ్ల పట్టికలను వాడేవారు. ఆ పద్ధతిలో ఒక ఊహ దాగి ఉంది. కావలసిన పనివారు, భూమి, పెట్టుబడి ఎక్కడో ఖాళీగా పడి ఉన్నట్టు, పర్యాటకం పిలవగానే వచ్చేస్తున్నట్టు అది భావిస్తుంది. అందుకే ఆ లెక్కల్లో లాభం ఎప్పుడూ ఘనంగా కనిపిస్తుంది. ల్యారీ డ్వయర్, పీటర్ ఫోర్సిత్, రే స్పర్ 2004లో దీన్ని గట్టిగా ప్రశ్నించారు. హోటల్లో చేరిన వంటమనిషి అంతకుముందు మరో చోట పని చేస్తూ ఉండవచ్చు. అతడు అక్కడ మానేసినందువల్ల కలిగిన నష్టం ఎవరు రాయాలి? ఆర్థిక వ్యవస్థ మొత్తాన్ని ఒకేసారి చూసే నమూనాలు వాడితే పర్యాటకం వల్ల కలిగే లాభం తగ్గుతుంది, కొన్ని రంగాలకు నష్టం కూడా తేలుతుంది. కాబట్టి ఒక క్రీడోత్సవం వల్ల ఇన్ని కోట్ల ఆదాయం వచ్చిందని వక్త చెప్పినప్పుడు, ఏ నమూనాతో తేల్చారని ఒక్కరు లేచి అడిగితే చాలు, చర్చ అసలు దారిలో పడుతుంది.

పెద్ద ప్రసంగం, చిన్న తనిఖీ

సదస్సుల నిర్మాణం గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. అందరూ వినే కీలకోపన్యాసానికి సాధారణంగా ముందస్తు పరిశీలన ఏదీ ఉండదు. నిర్వాహక కమిటీ ఒక పేరున్న ఆచార్యుడిని ఆహ్వానిస్తుంది. ఆయన నలభై అయిదు నిమిషాలో గంటో మాట్లాడతారు. ఏం చెప్పాలన్నది ఆయన ఇష్టం. ఇంకా ప్రచురించని పని, అభిప్రాయం, భవిష్యత్తు గురించిన ఊహ, పాత పరిశోధన సారం, అన్నీ ఒకే గొంతుతో ఒకే ప్రసంగంలో కలిసిపోతాయి. వినేవారికి వాటి మధ్య గీత కనపడదు.

మధ్యాహ్నం పక్క గదుల్లో సమాంతరంగా సాగే సమావేశాల్లో పత్రం చదివే పరిశోధక విద్యార్థి పరిస్థితి వేరు. ఆమె నెలల ముందే సారాంశం పంపాలి. రచయిత పేరు తెలియకుండా ఇద్దరు ముగ్గురు సమీక్షకులు దాన్ని చదువుతారు. చాలా సదస్సుల్లో పూర్తి పత్రం కూడా సమీక్షకు వెళ్తుంది. ఇంత వడపోత తర్వాత ఆమెకు దక్కేది పదిహేను నిమిషాలు, ఆపై ప్రశ్నలకు అయిదు నిమిషాలు. గదిలో పది మందే ఉండవచ్చు. అందులో ముగ్గురు తమ వంతు కోసం కూర్చున్న వక్తలే కావచ్చు.

అంటే ఎక్కువమంది వినే మాటకు తక్కువ తనిఖీ, తక్కువమంది వినే మాటకు ఎక్కువ తనిఖీ. కీలకోపన్యాసాలు పనికిరానివని ఇక్కడ నా ఉద్దేశం కాదు. ముప్పై ఏళ్ల అనుభవమున్న మనిషి రంగం మొత్తాన్ని ఒక్క చూపులో పట్టి ఇచ్చినట్టు ఇవ్వడం మరెవరికీ సాధ్యం కాదు. కానీ ఆ ప్రసంగాన్ని రుజువుగా తీసుకోకూడదు. సరైన ప్రశ్నలు ఎక్కడున్నాయో చూపే పటంగా తీసుకోవాలి. రుజువు కావాలంటే ఆ పటాన్ని పట్టుకుని చిన్న గదుల్లోకి, ఆపై ప్రచురితమైన పత్రాల్లోకి వెళ్లాలి. బృంద చర్చల్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. అక్కడ ఒక్కొక్కరికి ఏడెనిమిది నిమిషాలే ఉంటాయి కాబట్టి, ఎంతటి నిపుణుడైనా షరతులన్నీ వదిలేసి ముగింపు మాత్రమే చెప్పి కూర్చుంటాడు.

నాలుగు పేజీల పత్రం

సదస్సులో అన్న మాట గాలికి పోతుందనుకుంటే పొరపాటే. పర్యాటక పరిశోధనలో నేటికీ వాడే కొన్ని ముఖ్యమైన భావనలు సదస్సు వేదికల మీదే పుట్టాయి. పర్యాటకుల మనస్తత్వాన్ని బట్టి గమ్యస్థానాలు ఎందుకు వెలుగుతాయో, ఎందుకు వాడిపోతాయో వివరించే స్టాన్లీ ప్లాగ్ సిద్ధాంతం 1972లో చేసిన ఒక ప్రసంగం. రెండేళ్ల తర్వాత అచ్చయింది. మానవశాస్త్రవేత్తలు పర్యాటకాన్ని గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టింది 1974లో మెక్సికో సిటీలో జరిగిన అమెరికా మానవశాస్త్ర సంఘం సమావేశంలో. వలీన్ స్మిత్ అక్కడ నిర్వహించిన చర్చ నుంచే 1977లో ఆ రంగానికి పునాది అనదగిన పత్రాల సంకలనం వచ్చింది.

అన్నింటికంటే ఆసక్తికరమైనది జార్జ్ డాక్సీ కథ. 1975లో శాన్ డియాగోలో జరిగిన ప్రయాణ పరిశోధన సంఘం ఆరో వార్షిక సదస్సులో ఆయన ఒక చిన్న పత్రం సమర్పించారు. సదస్సు సంపుటిలో అది నాలుగు పేజీలు. బార్బడోస్ దీవి, కెనడాలోని నయాగరా ఆన్ ది లేక్ పట్టణం ఆధారంగా ఆయన చెప్పింది ఇది: పర్యాటకం మొదలైనప్పుడు స్థానికులకు ఉత్సాహం ఉంటుంది. తర్వాత పట్టనితనం వస్తుంది. ఆపై చిరాకు. చివరికి బహిరంగ వైరం. స్థానికుల చిరాకుకు ఇదొక కొలబద్ద.

అర్ధ శతాబ్దం గడిచినా స్థానికుల వైఖరి మీద పాఠం చెప్పేవారు డాక్సీని తలచుకోకుండా ముందుకు వెళ్లరు. పర్యాటకుల తాకిడికి వ్యతిరేకంగా ఎక్కడ ఊరేగింపు జరిగినా, ఆ ఊరు నాలుగో మెట్టుకు చేరిందని ఎవరో ఒక వక్త అంటారు. అంత సులువుగా గుర్తుండడమే దాని బలం, దాని బలహీనత కూడా. ఊరంతటికీ ఒకే మనసు ఉన్నట్టు, ఆ మనసు ఒకే దిశలో కదులుతున్నట్టు అది భావిస్తుంది. 1993లో జాన్ ఆప్, జాన్ క్రాంప్టన్ స్థానికులతో మాట్లాడినప్పుడు వేరే చిత్రం కనిపించింది. ఒకే సమయంలో ఒకే ఊళ్లో కొందరు పర్యాటకులను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తారు, కొందరు ఓర్చుకుంటారు, కొందరు రద్దీ లేని వేళల్లో బయటికి వస్తూ తమ దినచర్య సర్దుకుంటారు, కొందరు దూరంగా తప్పుకుంటారు. ఇంటి ముందు గదిని అద్దెకిచ్చిన అన్న, పక్క గోడ అవతల నిద్రపట్టని తమ్ముడు ఒకే మెట్టు మీద ఎలా ఉంటారు?

పర్యాటక స్థలాలు దశలవారీగా ఎలా మారతాయో చూపుతూ రిచర్డ్ బట్లర్ 1980లో గీసిన గీతకూ ఇలాంటి గతే పట్టింది. కొత్త చోటును కొద్దిమంది కనుక్కోవడం, స్థానికులు అందులో పాలుపంచుకోవడం, అభివృద్ధి, స్థిరపడడం, స్తంభించడం, ఆ తర్వాత క్షీణించడమో మళ్లీ చిగురించడమో. ఈ గీతను చూపించి ఫలానా చోటు క్షీణించక తప్పదని జోస్యం చెప్పే వక్తలు ఉన్నారు. బట్లర్ అలా చెప్పలేదు. స్తంభన తర్వాత దారులు చీలతాయని ఆయనే చూపించారు, జూదశాలలతో తిరిగి లేవడానికి ప్రయత్నించిన అమెరికాలోని అట్లాంటిక్ సిటీని ఉదాహరణగా ఇచ్చారు. గీత మీద మనం ఇప్పుడు ఎక్కడ ఉన్నామో నడుస్తున్న కాలంలో గుర్తించడం చాలా కష్టం. వెనక్కి తిరిగి చూసినప్పుడే మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక వక్త ఈ గీతను తెర మీద వేసినప్పుడు, ఆ ఊరు ఏ మెట్టు మీదుందో ఏ ఆధారంతో చెప్పారన్నదే అడగవలసిన ప్రశ్న.

ఎవరి తరఫున?

పర్యాటక పరిశోధకుల వైఖరులను జాఫర్ జాఫరి నాలుగు వేదికలుగా విడదీశారు. పర్యాటకం మేలే చేస్తుందనే సమర్థకులు మొదట వచ్చారు. 1970లలో హెచ్చరించేవారు వచ్చారు. ఆ తర్వాత చిన్న స్థాయిలో, స్థానికులకు అనువుగా ఉండే పర్యాటకం కావాలన్నవారు వచ్చారు. చివరగా, మంచీ చెడూ అనే తీర్పు పక్కన పెట్టి మొత్తం వ్యవస్థను అర్థం చేసుకుందామన్నవారు. వీటికి నైతిక దృష్టి అనే మరో వేదిక కూడా ఉండాలని జిమ్ మక్‌బెత్ 2005లో ప్రతిపాదించారు. చరిత్రలో ఇవి వరసగా వచ్చినా, ఏదీ వెళ్లిపోలేదు. నేటి ఏ సదస్సులోనైనా అన్నీ కలిసే ఉంటాయి. మంత్రిత్వ శాఖ అధికారి మొదటి వేదిక నుంచి, స్థానిక ఉద్యమకారిణి రెండో వేదిక నుంచి, గ్రామీణ పర్యాటకం మీద పనిచేసే పరిశోధకుడు మూడో వేదిక నుంచి మాట్లాడతారు. అందరూ మాత్రం నాలుగో వేదిక మీదే నిలబడి ఉన్నామంటారు. వక్త మొదటి అయిదు నిమిషాల్లో ఏ ఉదాహరణలు ఎంచుకున్నారో గమనిస్తే అసలు స్థానం తెలిసిపోతుంది.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. ప్లాగ్ పరిశోధన విమాన సంస్థల కోసం మొదలైంది. స్తోమత ఉండి కూడా కొందరు విమానం ఎందుకు ఎక్కడం లేదో వాటికి తెలియాలి. అందుకే ఆ సిద్ధాంతంలో ప్రయాణికుడి మనసు గురించి ఉన్నంత వివరంగా వెళ్లిన చోట ఉండే మనుషుల గురించి ఉండదు. పరిశోధన తప్పని దీని అర్థం కాదు. డబ్బు ఇచ్చినవారు జవాబును మార్చకపోయినా, ఏ ప్రశ్న అడగాలో మాత్రం వారే నిర్ణయిస్తారు.

వెనిస్ నగరం ఈ విషయంలో మంచి పాఠం. ఒక ఊరు ఎంతమందిని భరించగలదు అన్న ప్రశ్నకు 1980ల చివర్లో, 1990ల మొదట్లో వెనిస్ ఆర్థికవేత్తలు గణితంతో జవాబు వెతికారు. హోటల్లో దిగేవారిని, ఇతర బసల్లో ఉండేవారిని, పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారిని విడివిడిగా తీసుకుని, నగర సదుపాయాలకు ఇబ్బంది రాకుండా ఏ పాళ్లలో ఎందరు రావచ్చో లెక్క కట్టారు. ఆ పరిశోధకుల్లో ఒకరైన పావొలో కోస్టా తర్వాత దేశ మంత్రి అయ్యారు, 2000 నుంచి 2005 వరకు వెనిస్ మేయర్‌గా ఉన్నారు, ఆపై అక్కడి రేవు సంస్థకు అధ్యక్షత వహించారు. లెక్క తెలిసిన మనిషికే అధికారం దక్కినా ఆ అంకె దానంతట అది అమలు కాలేదు. భారీ నౌకలను నగరంలోని జ్యుదెక్కా కాలువలోకి రాకుండా ఇటలీ ప్రభుత్వం ఆపింది 2021 ఆగస్టులో. రద్దీ రోజుల్లో ఒక రోజు సందర్శకుల నుంచి రుసుము వసూలు చేయడం మొదలైంది 2024 ఏప్రిల్‌లో. ఆ మధ్యలో పాత నగరంలో నివసించేవారి సంఖ్య 50 వేల కంటే దిగువకు పడిపోయింది.

ఒక ఊరికి ఒకే అంకె ఎందుకు నిలవదో అరణ్యాల నిర్వహణలో ఉన్నవారు ముందే గ్రహించారు. నిశ్శబ్దం కోరేవారికి పదిమంది కనబడినా ఎక్కువే. సందడి కోరేవారికి వెయ్యిమంది ఉన్నా చాలదు. అందుకే అమెరికా అటవీ శాఖకు చెందిన జార్జ్ స్టాంకీ బృందం 1985లో ప్రశ్ననే మార్చింది. ఎంతమంది రావచ్చు అని అడగడం మానేసి, ఇక్కడ ఎంత మార్పును మనం ఒప్పుకుంటాం అని అడిగారు. కాలిబాట వెడల్పు, విడిది చోట గడ్డి అరిగిపోయిన మేర, దారిలో ఎదురయ్యే బృందాల సంఖ్య, ఇలాంటి సూచికలకు హద్దులు పెట్టుకుని, దాటితే ఏం చేయాలో ముందే రాసుకున్నారు. ఈ పద్ధతిలో ఒప్పుకోవడం అన్న మాట చాలా బరువైనది. ఎవరు ఒప్పుకోవాలి? దానికి జవాబు నిపుణుడి దగ్గర లేదు. అక్కడ బతికేవారు, అక్కడికి వచ్చేవారు కలిసి తేల్చాలి. పర్యాటక పరిశోధన మొత్తంలో నాకు అత్యంత విలువైనదిగా తోచిన మలుపు ఇదే. ఇంత జరిగినా గరిష్ఠ సంఖ్య ఒక్కటి చెప్పండి చాలు అని వక్తలను అడిగే అధికారులు ప్రతి సదస్సులోనూ కనిపిస్తారు.

కనిపించని వక్తలు

వేదిక మీద ఎవరున్నారో ఎంత ముఖ్యమో, ఎవరు లేరో అంతే ముఖ్యం. అనా మరియా మునార్, ఆమె సహచరులు 2015లో పర్యాటక విద్యారంగంలో స్త్రీ పురుష వ్యత్యాసాన్ని లెక్కలతో బయటపెట్టారు. విద్యార్థుల్లో, యువ పరిశోధకుల్లో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నా, సదస్సుల ఆహ్వానిత వక్తల్లో, పత్రికల సంపాదక స్థానాల్లో వారి సంఖ్య చాలా తక్కువని తేలింది. ఇది మర్యాదకు సంబంధించిన సమస్య మాత్రమే కాదు. హోటల్ గదులు శుభ్రం చేసేవారిలో అత్యధికులు స్త్రీలే. ఒంటరిగా ప్రయాణించే స్త్రీ ఎదుర్కొనే భయాలు వేరు. ఈ అంశాలు ఏళ్ల తరబడి చిన్న గదుల్లోనే ఉండిపోవడానికి పెద్ద వేదిక మీద ఎవరు నిలబడ్డారన్నది ఒక కారణం.

భాష మరో అడ్డంకి. అంతర్జాతీయ సదస్సుల్లో వినిపించేది ప్రధానంగా ఇంగ్లీషు. స్పానిష్, చైనీస్, పోర్చుగీస్ భాషల్లో జరిగే విస్తారమైన పర్యాటక పరిశోధనలో కొద్ది భాగమే అక్కడికి చేరుతుంది. ఇక స్థానికుల సంగతి. వారి గురించి పత్రాలకు పత్రాలు చదువుతారు, వారిని మాత్రం ఎప్పుడో తప్ప పిలవరు. పిలిచినప్పుడు తరచూ స్వాగత నృత్యానికే పిలుస్తారు. ఈ పద్ధతి మారి తీరాలి. ఒక చేపల రేవు నాయకుడికి పదిహేను నిమిషాలిస్తే ఆయన తీరంలో కట్టిన రిసార్టు గురించి చెప్పేది ఏ నమూనాలోనూ దొరకదు.

ఈ రంగంలో బూటకపు సదస్సుల బెడద కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పర్యాటకం, వైద్యం, ఇంజనీరింగ్, అన్నీ ఒకే హోటల్లో ఒకే రోజున, పంపిన పత్రం రెండు రోజుల్లో ఆమోదం, రుసుము కడితే ముఖ్య వక్త హోదా. ఇలాంటి ఆహ్వానం వస్తే నిర్వాహక కమిటీలో పేర్లున్నవారికి నేరుగా రాసి అడగాలి. తమ పేరు అక్కడ ఉన్నట్టు వారికే తెలియని సందర్భాలు ఉంటాయి.

వాతావరణ మార్పు గురించి చర్చించడానికి వందలమంది ఖండాలు దాటి విమానాల్లో రావడం ఈ పరిశోధక సమాజాన్ని చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్న విషయం. స్టెఫాన్ గోస్లింగ్ వంటి పరిశోధకులు విద్యావేత్తల సొంత ప్రయాణాల గురించి కూడా సూటిగా రాశారు. 2020లో సరిహద్దులు మూతపడి సదస్సులు తెర మీదికి మారినప్పుడు, ఉద్గారాలతో పాటు మరొకటి కూడా తగ్గింది: వక్త కావడానికి అయ్యే ఖర్చు. వీసా దొరకనివారు, విమాన టికెట్ కొనలేనివారు, పసిపిల్లల తల్లులు తమ గది నుంచే పత్రాలు చదివారు. పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ప్రసంగం తర్వాత నడవాలో, టీ తాగుతూ, మీ లెక్కలో ఒక రోజు సందర్శకులను కలిపారా అని అడిగే అవకాశం తెర మీద రాదు. సరిహద్దులు తెరుచుకున్నాక చాలా సదస్సులు హాళ్లలోకి తిరిగి వచ్చాయి. రెండు పద్ధతులూ కలిపి నడపాలంటే సాంకేతిక ఖర్చు, పనివారి ఖర్చు దాదాపు రెట్టింపవుతుందని నిర్వాహకులు అంటారు. ఆ ఖర్చును హాలుకు వచ్చినవారి రుసుములో కలపాలా, దూరం నుంచి చేరినవారి దగ్గర తీసుకోవాలా అన్నది ఇప్పుడు నిర్వాహక కమిటీల ముందున్న ప్రశ్న. తర్వాతి సదస్సులో ఎవరి గొంతు వినిపిస్తుందన్నది ఆ రుసుముల పట్టికను బట్టే ఉంటుంది.